వదినకు చేరవేయని ప్రశ్న

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. ఏళ్ళ తరబడి ఈ బరువు మోస్తున్నాను. వదిన ఎదురుపడి నవ్వినప్పుడల్లా అది ఇంకొంచెం పెరిగేది.

హిందీ మాట్లాడే ఈ దీవిలో, డిగ్నాబాద్‌ పేటలో నాది చిన్న కొట్టు. నోనీ పండ్లను గాజు జాడీలో మగ్గబెట్టి రసం తీసి అమ్మేదాన్ని. ముక్కు మూసుకుని తాగాల్సిన కంపు. అయినా సర్వరోగాలకూ మందని నేనే ఊదరగొట్టేదాన్ని. అన్నయ్యకు కిడ్నీలు కాస్త దెబ్బతిన్నాయి, బీపీ మాత్రలు వాడుతున్నాడు. చెట్టు కాయేగా, ఏం చేస్తుందిలే అనుకుని రోజూ తాగమని సీసాలిచ్చాను.

ఒకరోజు తన డింగీ పడవ దగ్గరే కుప్పకూలాడు. రక్తంలో పొటాషియం బాగా పెరిగిందన్నాడు డాక్టరు. ఆ మాత్రలు దాన్ని ఒంట్లో నిలబెడతాయట, పైనుంచి పొటాషియం ఉన్నది ఇంకేదైనా తోడైతే గుండెకే ముప్పట. వదిన అప్పటికి శ్రీకాకుళం వైపు నుంచి కొత్తగా వచ్చింది, హిందీ రాదు. మధ్యలో మాటలు చేరవేసేది నేను.

"జడీబూటీ, నోనీ-వోనీ కుఛ్ పీతే హై క్యా?" చెట్టుమందులు, నోనీలాంటివేమైనా తాగుతున్నాడా అని డాక్టరు అడిగాడు.

"ఏటంతన్నాడు?" అంది వదిన.

"మాత్రలు టైముకి ఏస్తన్నావా అంతన్నాడు."

"ఏస్తన్నానని సెప్పు."

డాక్టరు వైపు తిరిగి, "కుఛ్ నహీ, సర్" అన్నాను.

ఎందుకలా అన్నాను? కొట్టు మూతపడుతుందనా? కాదు. నా చేత్తో ఇచ్చిందే అన్నయ్యను పడగొట్టిందని తెలిస్తే వదిన ముఖం ఎలా చూడాలన్న భయం. అంతే. అన్నయ్య ఇంటికొచ్చాక, మిగిలిన రసం ఆమె మళ్ళీ గ్లాసులో పోస్తుంటే చూస్తూనే ఉన్నాను. ఆపితే ఎందుకని అడుగుతుందని తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాను. నెల తిరక్కుండానే అన్నయ్య పోయాడు. రసమే చంపిందో కాదో ఎవరూ తేల్చలేదు. తేల్చనిచ్చానా నేను?

ఆ తరవాత నోనీ జోలికి పోలేదు.

మొన్న వదినకూ బీపీ మాత్రలు రాశారు. నిన్న బజార్లో నోనీ సీసా కొనుక్కుని నా దగ్గరికే వచ్చింది. "మీ అన్నకి నువ్విచ్చినదే, మంచిదని తెచ్చీసినాను" అంటూ మూత తీసింది. లాక్కుని తూములో పారబోశాను. ఎందుకని అడిగింది. చెప్పాను. అంతా చెప్పాను.

వదిన తిట్టలేదు. ఏడవలేదు. చెప్పులేసుకుని వెళ్ళిపోయింది. మళ్ళీ వస్తుందో రాదో తెలియదు. నేను మాత్రం ఇన్నేళ్ళకు కంటినిండా నిద్రపోయాను. అలా నిద్రపట్టినందుకే ఇప్పుడు సిగ్గుగా ఉంది.