తొంభై ఒకటో మనిషి వీపు

లుజ్విమిందా పగయన్ జైళ్ళు బాగుచేసే మనిషి. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ జైలు సూపరింటెండెంటు. రిటైరయ్యాక ఏ ద్వీపంలో జైలు కిక్కిరిసినా సలహాకు ఆవిడకే కబురు వెళ్ళేది. మేమంతా మిందా అక్క అనేవాళ్ళం. ఆవిడ వెంట పదకొండేళ్ళు మందుల సంచీ మోసిన నర్సుని నేను. కాబట్టి నా దగ్గర పొగడ్తలు దొరకవు.

ఆవిడకు పేరు తెచ్చింది మా ఇలోయిలో పట్నం వైపు ఓ చిన్న జైలు. నలభై మంది పట్టే గదిలో నూట నలభై ఎనిమిది మంది. ప్రతి గదికీ ఖైదీల్లోనే ఒకడు పెద్ద, వాణ్ణి మేయర్ అంటాం. ఇస్కో అనే మేయర్ పడుకునే చోట్లు అమ్ముకుంటున్నాడని తెలిసి, అక్క ఒక ఉదయం వాణ్ణి వేరే గదికి మార్పించింది. చోట్లకు చీట్లు వేయించింది. పై అధికారులు చప్పట్లు కొట్టారు. సిగ్గులేకుండా నేనూ కొట్టాను.

ఇస్కో వెధవే. కానీ ఆయాసం మనిషి హసింతోకి కిటికీ పక్క చోటు ఊరికే ఇచ్చాడు. ఆ సంగతి ఏ కాగితంలోనూ లేదు. పంపేముందు ఇస్కోని ఎవరూ ఒక్క మాట అడగలేదు. చీటీలో హసింతోకి గాలి ఆడని మూల వచ్చింది.

మూడో రోజు మధ్యాహ్నం లెక్క. ఒకడి మోకాళ్ళ మధ్య ఒకడు వరుసగా కూర్చున్నారు. అక్క వేలితో ఒక్కో వీపూ తడుతూ పోయింది. తొంభై, తొంభై ఒకటి, తొంభై రెండు. లెక్క సరిపోయింది. సంతకం పెట్టి గేటు దగ్గరికి వస్తే హసింతో భార్య పూరింగ్ అన్నం, ఎండుచేప పట్టుకుని నిలబడి ఉంది.

"మా ఆయన ఎలా ఉన్నాడమ్మా?"

"బాగున్నాడు. ఇప్పుడే నా చేత్తో లెక్కపెట్టి వస్తున్నా."

అప్పుడే లోపల వరుసలు లేచాయి. తొంభై ఒకటో మనిషి, హసింతో, లేవలేదు. ఎప్పుడు పోయాడో ఎవరికీ తెలియదు. ముందూ వెనకా అంతమంది ఒత్తుకుని ఉంటే పక్కకు ఒరగడానికైనా చోటేదీ?

పూరింగ్ తిట్టలేదు. "మీరు ముట్టుకున్నారు కదమ్మా. అప్పటికింకా వెచ్చగా ఉన్నాడా?" అని మాత్రం అడిగింది.  

ఆ తర్వాత అక్క అన్నం తింటూ బల్ల మీద వేలితో తట్టేది. చర్చిలో ముందు బెంచీ వాళ్ళ భుజాలు ఊపిరికి కదులుతున్నాయో లేదో చూస్తూ కూర్చునేది. పక్కన కూర్చోవాలంటే నాకు భయం వేసేది.

పోయిన ఏడాది ఆవిడ వెళ్ళిన చివరి జైల్లో వార్డెన్ రోహెలియోది వల్లమాలిన హుషారు.

"రేపు పెద్దవాళ్ళు వస్తున్నారు మేడం. ఇవాళే మేయర్ని పీకేసి మీ చీట్ల పద్ధతి పెట్టేస్తా. మీరో సంతకం పెడితే చాలు."

"పెట్టను."

"అదేంటి, మీ పద్ధతే కదా!"

"నాదే. దానివల్ల ఒక మనిషి పోయాడు. ముందు ఆ మేయర్ని పిలిపించు."

అన్నేళ్ళలో ఆవిడ ఆ మాట ఒక జైలు అధికారి ముందు అనడం నేను వినడం అదే మొదలు.

మేయర్ టోటోయ్ బొజ్జ నిమురుకుంటూ వచ్చాడు. "ఏమ్మా, నా సింహాసనం లాక్కోడానికొచ్చావా?"

"లాక్కుంటాలే. ముందు చెప్పు, కిటికీ దగ్గర ఎవరెవరు? ఎందుకు?"

వాడి నవ్వు ఆగిపోయింది. వేళ్ళు మడుస్తూ ఏడుగురి పేర్లు, ఏడు రోగాలు చెప్పాడు. నేను రాసుకున్నాను. వార్డెన్‌కి అందులో ఒక్కటీ తెలియదు.

తర్వాత లెక్క. అక్క ఈసారి వేలితో తట్టలేదు. ఒక్కో వీపు మీద అరచెయ్యి మొత్తం ఆనించి, పేరడిగి, జవాబు వచ్చాకే ముందుకు కదిలింది. వార్డెన్ గడియారం చూసుకుంటూనే ఉన్నాడు. తొంభై ఒకటి దగ్గర లావుపాటి మనిషి పేరు చెప్పినా ఆవిడ చెయ్యి తీయలేదు. వాడు మెడ తిప్పి చూశాడు.

"బతికే ఉన్నానమ్మా!"

వరుసంతా ఘొల్లుమని నవ్వింది. అక్క నవ్వలేదు.

తిరుగు లాంచీలో అడిగాను. "చెయ్యి ఎందుకు తీయలేదక్కా?"

ఆవిడ అరచెయ్యి ఒళ్ళో వెల్లకిలా పెట్టుకుని చూసుకుంది.

"వీడు వెచ్చగా ఉన్నాడే, నెనెత్. హసింతో ఎలా ఉన్నాడో ఎంత తలుచుకున్నా గుర్తు రావడం లేదు. అప్పుడు నా ధ్యాసంతా అంకె మీదే ఉంది."