డ్యూటీలో ఎవరినీ ఎరగని ఫిదెలినా

2017 అక్టోబర్ 16 నాటికి ఫిదెలినా మాతోస్ మా ఊళ్లో నలభై ముగ్గురు పిల్లలకు జ్ఞానతల్లి. బాప్తిస్మంలో బిడ్డను ఎత్తుకున్న పుణ్యానికి ఆ బిడ్డల తండ్రులందరూ ఆమెకు కొంపాద్రేలు, తల్లులందరూ కొమాద్రేలు; వాళ్లందరికీ ఆమె కూడా కొమాద్రేనే. మా వైపు ఈ బంధుత్వం రక్తసంబంధానికి ఒక మెట్టు పైనే ఉంటుంది. అయినా ఉదయం ఏడింటికి ఆసుపత్రి అత్యవసర విభాగం గుమ్మంలో తన బల్ల ముందు కూర్చున్నది మొదలు మధ్యాహ్నం రెండింటికి లేచేదాకా ఫిదెలినా ఈ భూమ్మీద ఒక్క ప్రాణిని కూడా గుర్తుపట్టదు. రెండు దాటిన మరుక్షణం అందరి పేర్లూ, పుట్టినరోజులూ, ఎవరికి ఏ కూర పడదో కూడా గుర్తొచ్చేస్తాయి.

వచ్చినవారిలో ముందు ఎవరిని డాక్టరు దగ్గరికి పంపాలో తేల్చడం ఆమె పని. క్షణం ఆగకూడనివారి మణికట్టుకు ఎర్ర పట్టీ, కొంత ఆగగలవారికి పసుపు, భోజనాల వేళదాకా కూర్చున్నా ఏమీ కానివారికి పచ్చ. రోగుల కుటుంబాలకు సాయపడే ఉద్యోగంలో నా బల్ల ఆమె బల్లకు సరిగ్గా ఎదురుగా ఉండేది. ఆ నలభై ముగ్గురిలో నేనూ ఒకతెను. రోజూ పొద్దున్నే నేను నవ్వితే, ఆమె నావైపు "మీకు ఒంట్లో ఏం బాగాలేదు?" అన్నట్టు చూసేది.

ఒకసారి ఆమె భర్త ఉలీసెస్, గాలం ముల్లు బొటనవేలికి దిగబడగా, చేతికి తువాలు చుట్టుకుని వచ్చాడు.

"పేరు?" అంది ఫిదెలినా.

"ఫిదెలినా, నేనే!"

"మీ పేరు కూడా ఫిదెలినాయేనా?"

"ఉలీసెస్! నీ మొగుణ్ణి!"

"వయసు?"

"నిరుడు కేకు కోసింది నువ్వే కదే!"

"అయ్యా, వెనక జనం ఉన్నారు. వయసు చెప్పండి. వేళ్లు కదులుతున్నాయా? తిమ్మిరి ఉందా? ఇంకేమైనా బాధ?"

"ఉంది. పెళ్లయింది."

"దానికి ఇక్కడ మందు లేదు," అని పచ్చ పట్టీ కట్టింది.

ఆయన భోజనాల వేళదాకా కూర్చున్నాడు. సాయంత్రం ఇంట్లో ఆ కట్టు చూసి ఆమె గుండె బాదుకున్నంత పని చేసింది. "అయ్యో, నా బంగారం! ఎవరు చూశారు? అంతసేపు కూర్చోబెట్టారా? ఆ గుమ్మం దగ్గర నర్సుకు మనసన్నది లేదా?" అంటూ మాంసమూ దుంపలూ వేసి కాచిన సాంకోచో పులుసు ఆయన నోటికి అందించింది. ఆ నర్సును తిట్టడంలో ఊళ్లో ఎవరూ ఫిదెలినాకు సాటి రారు. పచ్చ పట్టీతో ఇల్లు చేరిన ప్రతి కొంపాద్రే గుమ్మానికీ ఆమె ఆ సాయంత్రమే గిన్నె పట్టుకుని వెళ్లేది. వెళ్లి, ఆయనతో కలిసి తనను తాను తిట్టుకుని వచ్చేది.

మా ఫాదరుగారు దగ్గుతో వచ్చి, "అమ్మా, మొన్న ఆదివారమేగా నీకు దివ్యసత్ప్రసాదం ఇచ్చాను," అని గుర్తుచేశారు.

"ఇచ్చారు, స్వామీ. వరుసలో నిలబడే తీసుకున్నాను," అంది ఫిదెలినా, ఆయనకు కుర్చీ చూపిస్తూ.

పైన చెప్పిన తేదీన, సోమవారం ఉదయం, దోన్ రాదమేస్ వచ్చాడు. అరటికాయల లారీ ఆయనది. దిగబోతూ జారి చీలమండ బెణికించుకున్నాడు. ఫిదెలినా అప్పటికే ఆయన ముగ్గురు పిల్లలకు జ్ఞానతల్లి. ఆ నెలాఖరు ఆదివారం మనవడికి కూడా ఆమే కావలసి ఉంది. ఆయన అరుపు ఆయనకంటే ముందు లోపలికి వచ్చింది. ఆ వెనక కొడుకు భుజం మీద వాలి కుంటుకుంటూ ఆయన, చేతిలో ఒక అరటిగెల.

"కొమాద్రే! చచ్చిపోతున్నాను! ఇదిగో, నీకోసం లేత గెల!"

ఫిదెలినా గెలను తిప్పి చూసింది. "దీనికేమైంది?" అని, దానికి కూడా ఒక పచ్చ పట్టీ కట్టింది. "ఆగగలదు. పక్కన పెట్టండి. మీ పేరు?"

హాలు గొల్లుమంది. దోన్ రాదమేస్ మాత్రం నవ్వలేదు. బల్ల మీద రెండు చేతులూ ఆనించి, ఇరవై ఏళ్ల స్నేహాన్ని వీధి చివరిదాకా వినబడేలా వల్లించసాగాడు. ఆయన పాదం తడిమి, వేళ్లు కదిలించమని చెప్పి, నాలుగు అడుగులు వేయించి చూసిన ఫిదెలినా అప్పటికే ఆయనను వినడం మానేసింది. ఆమె చూపు మూలనున్న బెంచీ మీద ఉంది.

అక్కడ నెలలు నిండబోతున్న గర్భిణి ఒకతె గంటకు పైగా కూర్చుని ఉంది. కొండ మీద కాఫీ కోతల నుంచి దిగి వచ్చిందని తరవాత తెలిసింది. పేరు ఒనేలియా. తెలిసినవారు ఒకరి తరవాత ఒకరు నేరుగా బల్ల మీదికి వస్తుంటే, ఆమె అందరికీ దారి ఇస్తూ ఉండిపోయింది. ఫిదెలినా దోన్ రాదమేస్‌ను మాట మధ్యలో వదిలేసి లేచింది.

"ఏమిటమ్మాయీ?"

"ఏం లేదండి. కాస్త తలనొప్పి. వీళ్లందరూ అయ్యాకే చూపించుకుంటాను."

"ఈ ఊళ్లో నీకు ఎవరైనా తెలుసా?"

"ఎవరూ తెలీదండి."

"నాకూ అంతే. ఉంగరం మెడలో దారానికి కట్టుకున్నావేం?"

"నాలుగు రోజులుగా వేలికి పట్టట్లేదు."

"కిటికీవైపు చూడు. ఎందుకు కళ్లు మూసుకుంటున్నావు?"

"మిణుగురుల్లా మెరుస్తున్నాయండి."

ఫిదెలినా అక్కడే రక్తపోటు చూసింది. నూట ఎనభై దాటి ఉంది. ఎర్ర పట్టీ కట్టి, చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి, తానే తోసుకుంటూ లోపలికి తీసుకెళ్లింది. గర్భిణులకు రక్తపోటు అంతగా పెరిగితే ఏ క్షణమైనా ఫిట్స్ రావచ్చు. అప్పుడు తల్లీ దక్కదు, బిడ్డా దక్కదు. డాక్టరమ్మ ప్రశ్న అడగకుండానే మందు ఎక్కించడం మొదలుపెట్టింది. మధ్యాహ్నానికి ఆపరేషన్ చేసి ఆడపిల్లను తీశారు. నెలలు పూర్తిగా నిండని బిడ్డ, గుప్పెడంత ఉంది.

దోన్ రాదమేస్‌కు ఇవేవీ తెలియవు. ఆమె బల్ల దగ్గరికి తిరిగి రాగానే అందుకున్నాడు. "తలనొప్పికి ఎర్ర పట్టీయా? నా కాలికి పచ్చదా? విను, ఫిదెలినా! నా మనవడికి వేరే జ్ఞానతల్లిని చూసుకుంటాను!"

మా ఊళ్లో ఇంతకు మించిన తిట్టు లేదు.

"మనవడికి జ్వరం ఏమైనా ఉందా?" అంది ఫిదెలినా. "లేకపోతే కూర్చోండి. కాలు కిందికి వేలాడేయకండి."

సాయంత్రం ఆమె ఎప్పటిలాగే గిన్నెతో ఆయన ఇంటికి బయలుదేరింది. నేనూ తోడు వెళ్లాను. ఆయన కిటికీ కొంచెమే తెరిచి, "ఎవరు మీరు? పేరేంటి?" అని అడిగి మూసేశాడు. ఆమె గిన్నె మెట్టు మీద పెట్టి తిరిగి వచ్చేసింది. దారిలో ముక్కు రెండుసార్లు తుడుచుకుంది.

"ఒక్క నవ్వు నవ్వి ఉండొచ్చు కదా, జ్ఞానమ్మా," అన్నాను. "కొంపాద్రే కదా."

"ఎవరు కాదు చెప్పు? ఒకరిని గుర్తుపడితే ఊరంతటినీ గుర్తుపట్టాలి. ఇక ఎవరూ తెలియని ఆ పిల్ల ఎక్కడ కూర్చోవాలే?" అంది. కూరగాయల కొట్టు దగ్గర ఆగి కొత్తిమీర బేరమాడడం మొదలుపెట్టింది.

తరవాతి వారం దోన్ రాదమేస్ కట్టు మార్పించుకోవడానికి వచ్చి, ప్రసూతి వార్డు వరండాలో కూర్చుని కసురుకుంటున్నాడు. ఆ గొంతు విని ఒనేలియా బిడ్డను ఎత్తుకుని బయటికి వచ్చింది. బలహీనంగా పుట్టిన బిడ్డకు గుడిలో బాప్తిస్మందాకా ఆగకుండా ఉన్నచోటే నీళ్లు పోయించడం మా ఆచారం. దానికి ఒక జ్ఞానతల్లి, ఒక జ్ఞానతండ్రి కావాలి.

"అయ్యా, ఆ రోజు అరిచింది మీరేగా?" అంది. "నాకు కళ్లు మూతలు పడుతుంటే మీ అరుపుకే మెలకువ వచ్చేది. ఈ ఊళ్లో నాకు తెలిసింది ఇద్దరే. పట్టీ కట్టిన ఆవిడ, మీరు. మా పిల్లకు నీళ్లు పోయిస్తారా?"

ఇలా అడిగితే మా ఊళ్లో ఎవరూ కాదనరు. మధ్యాహ్నం రెండు దాటాక ఇద్దరూ ఆ పిల్లకు చెరోవైపు నిలబడ్డారు. ఫాదరుగారు దగ్గుతూ నీళ్లు పోశారు. కొవ్వొత్తి పట్టుకున్న దోన్ రాదమేస్ గోడవైపు చూస్తూ, "ఆదివారం మనవడి తెల్లబట్టలు నువ్వే తేవాలి. జ్ఞానతల్లి తేవడం ఆచారం," అన్నాడు.

"ఎప్పుడో కుట్టించాను. నువ్వు కాలు చాపుకో," అంది ఫిదెలినా.

ఆ సాయంత్రమే తల్లినీ బిడ్డనూ ఆయన లారీలోనే కొండకు పంపారు. ముందు సీటు కొత్త కొమాద్రేకు ఇచ్చి, కొడుకును నడపమని చెప్పి, తాను వెనక అరటిగెలల మీదికి ఎక్కాడు. రోడ్డు సంగతి మా అందరికీ తెలుసు. లారీ మలుపు తిరిగి కనుమరుగయ్యాక కూడా ప్రతి గుంతకూ ఆయన కేక వినబడుతూనే ఉంది.

"పాపం, జ్ఞానమ్మా, అంత నొప్పితో..." అన్నాను.

ఫిదెలినా గేటు దగ్గర నిలబడి చెవి ఒగ్గి వింది.

"అరుస్తున్నాడుగా," అంది, "బాగానే ఉన్నాడు."