ఇద్దరి కోసం సర్దిన బల్ల

ఆ హోటల్ నుంచి వచ్చిన ఉత్తరంలో మా ఇద్దరి పేర్లూ ఉన్నాయి. మా ఆయన చనిపోయి అప్పటికి నాలుగేళ్లు. వాళ్లకు ఆ సంగతి తెలియదు. చెప్పాల్సిన పని మాకూ రాలేదు.

మాది ధర్మవరం. పట్టు మగ్గం మీద బతికినవాళ్లం. పదిహేనేళ్ల క్రితం తమిళదేశంలో సముద్రం ఒడ్డున ఉన్న ఒక పాతకాలపు పెద్ద హోటల్ వాళ్లు, తమ భోజనాల హాలు గోడలకు వేలాడదీయడానికి ఆరు పట్టుగుడ్డలు మాచేత నేయించుకున్నారు. చీర కంటే వెడల్పు, రెండు వైపులా జానెడు జరీ అంచు. అంత అంచు నేయాలంటే మగ్గం మీద ఇద్దరు కూర్చోవాలి. గుంటలో కాళ్లు పెట్టుకుని ఆయన మగ్గం నడుపుతూ ఎడమ అంచు వేసేవాడు. ఆయనకు కుడిపక్కన కూర్చుని కుడి అంచుకు, పోగు తీసుకుపోయే నాడె విసరడం నా పని. ఆ ఏడు వానలు లేవు. ఎండుగాలికి పట్టుపోగులు ఊరికే తెగిపోయేవి. కిటికీలకు తడి గోనెసంచులు కట్టి, ట్యాంకరు నీళ్లలో ఒక బిందె మనుషులకు, ఒక బిందె మగ్గానికి అని పంచుకుని నేశాం. ఎనిమిది నెలలు పట్టింది.

గుడ్డలు వేలాడదీయడానికి ఆయనొక్కడే వెళ్లాడు. ఐదు రోజులకు తిరిగొచ్చి, అక్కడి భోజనం గురించి చెప్పడం మొదలుపెట్టాడు.

"ఇంత పెద్ద పళ్లెం, నడుమ ఇంతే చేప ముక్క. ముక్క మీద ఒక ఆకు. తిన్నాక చిన్న గిన్నెలో నిమ్మకాయ మంచుముద్ద తెస్తారు. అది నోరు కడుక్కునేదానికంట, కడుపు నిండేదానికి కాదు," అనేవాడు. కిటికీ పక్కన కూర్చుంటే అలలు కాళ్ల కిందికి వచ్చినట్టే ఉంటాయనేవాడు. పీతల చారు, కొబ్బరిపాలల్లో ఉడికించిన రొయ్యలు, చివరలో నిప్పు పెట్టి తెచ్చే తీపి. ఒక్కొక్కటీ పేరుతో సహా చెప్పేవాడు. "నిన్నూ ఒకసారి తీసకపోతా," అనేవాడు.

మొదట్లో నోరు తెరుచుకుని విన్నాను. తర్వాత విసుగు పుట్టింది. ఒకరోజు ఇంట్లో గొడ్డుకారం, సంగటి తప్ప ఏమీ లేనప్పుడు ఆయన మళ్లీ ఆ రొయ్యల ఊసెత్తాడు. "నువ్వు కూర్చోని తిని వచ్చినావు. నేను ఈడ సంగటి మింగుతాండా. ఇంగ చాలు, ఆపు," అన్నాను. ఆయన చేతిలో ముద్ద అలాగే పట్టుకుని నా వైపు చూశాడు. ఏదో చెప్పబోయి ఊరుకున్నాడు. ఆ రోజు తర్వాత ఆ హోటల్ మాట మా ఇంట్లో రాలేదు.

ఆయన పోయింది మగ్గం మీదే. మధ్యాహ్నం పూట. నేను నాడె విసిరాను, అది వెళ్లి ఆయన చేతి దగ్గర ఆగింది. తిరిగి రాలేదు. "ఏమయ్యా, నిద్ర పోతాండావా?" అన్నాను, తల తిప్పకుండానే. రెండుసార్లు అన్నాను.

ఉత్తరంలో చూస్తే, హోటల్ పాత భవనానికి మరమ్మతులు చేసి మళ్లీ తెరుస్తున్నారట. దానికోసం పనిచేసిన చేతిపనివాళ్లను మూడు రోజులు అతిథులుగా పిలుస్తున్నారు. జరీ ఒకచోట నల్లబడింది, చూసి చెప్పమని కూడా రాశారు. పెళ్లయిన మా పాప, "నాయన బదులు నేనొస్తా, పోదాం పామ్మా," అని, ఇద్దరు వస్తారని మాత్రం హోటల్ వాళ్లకు ఫోన్లో చెప్పింది. తీరా బయలుదేరే రోజు దాని బిడ్డకు జ్వరం తగిలింది. నేనొక్కదాన్నే రైలెక్కాను.

స్టేషనుకు వాళ్ల కారు వచ్చింది. ఆ హోటల్ ఒకప్పుడు ఓడల వ్యాపారం చేసిన దొర కట్టించుకున్న బంగళా. తెల్లటి స్తంభాలు, మనిషిని మింగేంత ఎత్తు తలుపులు, నడిస్తే మూలిగే చెక్క మెట్లు. కారు దిగగానే పట్టుచీర కట్టుకున్న ఒక పిల్ల పళ్లెంతో ఎదురొచ్చింది. దండ వేసింది, హారతి తిప్పింది. నేను వద్దనే లోపల వేలితో కుంకుమ తీసి నా నొసట పెట్టింది.

నాలుగేళ్లుగా నా మొహానికి ఎవరూ కుంకుమ పెట్టలేదు. పేరంటానికి పోతే పళ్లెం నన్ను దాటుకుని పక్కామె దగ్గరకు పోయేది. ఆ పిల్లకు తెలియదు. దాని వేలు చల్లగా ఉంది. నేను అలాగే నిలబడిపోయాను.

"సార్ రాలేదా అమ్మా?" అని వచ్చీరాని తెలుగులో అడిగింది.

చనిపోయాడని చెప్పడానికే నోరు తెరిచాను. నుదుటి మీద కుంకుమ తడిగా ఉంది.

"వెనక వస్తాండాడు," అన్నాను.

ఎందుకన్నానో తెలియదు. అన్నాక మాత్రం వెనక్కి తిరిగి చూశాను. దారి పొడుగునా ఎర్రటి కంకర, దూరంగా గేటు. ఎవరూ లేరు. అయినా తాళంచెవి తీసుకుని మెట్లెక్కుతుంటే నా వెనక ఒక్కొక్క మెట్టూ నెమ్మదిగా మూలిగింది. పాత చెక్క, బరువు తీసేశాక అలాగే మూలుగుతుందని తర్వాత తెలిసింది.

గదిలో పెద్ద మంచం. రెండు దిండ్లు, రెండు తువ్వాళ్లు, రెండు జతల చెప్పులు. నేను ఒక పక్కన, అంచు మీద కూర్చున్నాను. కిటికీ బయట సముద్రం. దాన్ని చూడడం నాకు అదే మొదటిసారి. చూడడం కంటే వినడమే ఎక్కువైంది. ఒక అల వచ్చి పడుతుంది, కాస్త ఆగి వెనక్కి జారుతుంది, మళ్లీ పడుతుంది. పక్కింట్లో ఎవరో మగ్గం ఆడిస్తున్నట్టుంది. అడ్డంగా వేసిన పేకపోగును సర్ది దెబ్బ కొట్టడంలో మా ఆయనకు ఒక ఆలస్యం ఉండేది, రెండో దెబ్బకు ముందు ఊపిరి పీల్చుకునేవాడు. సముద్రానిది అదే లయ. తలుపులన్నీ మూశాను. అయినా వినబడింది.

దీపాలు పెట్టే వేళకు భోజనానికి పిలిచారు. హాల్లో అడుగు పెట్టగానే మా గుడ్డలు కనబడ్డాయి. ఆరూ ఉన్నాయి. నా పక్క ఏదో, ఆయన పక్క ఏదో దూరం నుంచే తెలుస్తుంది. నా అంచు బిగువు, ఆయనది కాస్త వదులు.

నాకు చూపించిన బల్ల కిటికీ పక్కన ఉంది. ఇద్దరికి సర్దారు. రెండు పళ్లేలు, రెండు వరసల చెంచాలు, తామరమొగ్గల్లా మడిచిన రెండు చేతిరుమాళ్లు. వడ్డించేందుకు యాభై దాటిన మనిషి వచ్చాడు. నేను నీళ్లు అడిగిన తీరుకే ఆగి, నా మొహం చూశాడు.

"అమ్మా, మీది అనంతపురం పక్కనా?"

"ధర్మవరమప్పా. నీది?"

"కదిరి పక్కన పల్లె. ఇరవై ఏండ్లాయ ఈడికొచ్చి. పంటల్లేక వచ్చేస్తి." ఎదురుగా ఖాళీగా ఉన్న కుర్చీ చూసి, "సార్ వచ్చేదాకా ఉండల్నా?" అన్నాడు.

"నువ్వు పెట్టుకుంటా పో. వస్తాడు."

అతను రెండు పళ్లేల్లోనూ వడ్డించాడు. పీతల చారు వచ్చింది. మొదటి చెంచా నోట్లో పెట్టుకుంటే నాకు తెలిసిన రుచే. నేనెప్పుడూ తినలేదు, కానీ ఆయన చెప్పిన మాట ఒక్కటీ తప్పలేదు. మిరియం ఘాటు ముందు రాదు, మింగాక వస్తుందన్నాడు. మింగాకే వచ్చింది. చేప ముక్క, మీద ఆకు. మంచుముద్ద. ఏది వచ్చినా, అది రాకముందే ఆయన గొంతు చెవిలో దాని పేరు చెబుతున్నట్టుంది. ఎదుటి పళ్లెంలో చారు చల్లారి పైన మీగడలా తెట్టు కట్టింది. దాన్ని చూడలేక కిటికీ అద్దం వైపు తిరిగితే అందులో నేను, నా బొట్టు, నా ఎదురుగా కుర్చీ. ఆ కుర్చీ నాకు ఖాళీగా అనిపించలేదు. సగం తిని లేచిపోయాను.

మరుసటి రోజు పొద్దున స్నానం చేస్తే కుంకుమ సబ్బు నురగలో పోయింది. మేనేజరు నన్ను హాల్లోకి తీసుకెళ్లి నల్లబడిన గుడ్డ చూపించాడు. కిటికీకి దగ్గరగా ఉన్నది. ఉప్పుగాలికి జరీ చచ్చిపోయింది, అదీ ఆయన వేసిన అంచు మేరకే. నా అంచు ఇంకా మెరుస్తోంది. నల్లబడిన చోట వేళ్లతో తాకాను. గరుకుగా ఉంది.

"బాగు చేయవచ్చా?" అని అడిగాడు మేనేజరు. కదిరి మనిషి పక్కన నిలబడి మాట మార్చి చెప్పాడు.

"కాదు," అన్నాను. "అంచు కోసేయాల."

"అయితే దించేస్తాం. కావాలంటే మీరు ఇంటికి తీసుకుపోవచ్చు."

ఆలోచించుకుని చెబుతానన్నాను.

మధ్యాహ్నం భోజనానికి మళ్లీ అదే బల్ల, మళ్లీ రెండు పళ్లేలు. కొబ్బరిపాల రొయ్యలు తెచ్చి, కదిరి మనిషి గొంతు తగ్గించి అన్నాడు: "అక్కా, ఆ గుడ్డలు తగిలించినాయన మీ ఇంటాయనే కదా? పొద్దున మీరు అంచు పట్టుకున్నప్పుడు తెలిసె. నేను అప్పుడు వంటింట్లో గిన్నెలు తోముతాంటి. ఆయన మా కాడే తింటాన్నె."

"మీ కాడ యాడ? ఈడ కదా తినింది? ఈ కిటికీ కాడ?"

అతను తడబడ్డాడు. "ఈడ కాదక్కా. పని చేసేదానికి వచ్చినోళ్లను ఈడ కూర్చోబెట్టరు. వంటింటి వెనక అరుగు ఉండాది, ఆడ. అన్నం, సాంబారు."

"మరి ఈ రొయ్యలు? ఆ చేప?"

"రోజూ వంటోళ్లను అడుగుతాన్నె. ఇదేంది, ఇందులో ఏమేసినారు, ముందు ఏ రుచి వస్తాది అని. సిగరెట్టు పెట్టె అట్ట మీద రాసుకుంటాన్నె. ఎందుకప్పా అంటే, 'మా ఇంటామెకు చెప్పల్ల. ఆయమ్మ ఎనిమిది నెలలు నాతో సమంగా కూర్చోని నేసింది, ఏమీ చూడకుండా ఆడే ఉండిపాయె' అనె."

చెంచా పళ్లెంలో పెట్టేశాను. సంగటి ముద్ద చేతిలో పట్టుకుని నా వైపు చూసిన ఆ చూపు, ఇన్నేళ్లకు నాకు అర్థమైంది. ఆయన అప్పుడు చెప్పబోయింది ఇదే. నేను చెప్పనివ్వలేదు.

"సార్ ఎప్పుడొస్తాడక్కా? చూడాలని ఉండాది," అన్నాడతను.

"రాడప్పా. చచ్చిపోయి నాలుగేండ్లు."

అతను ఎదురుగా ఉన్న పళ్లెం మీదికి చేయి చాపి, మధ్యలో ఆపాడు. "తీసేయల్నా, ఉంచల్నా?"

"ఉంచు."

ఆ పూట నా పళ్లెంలోది మొత్తం తిన్నాను. ఏడుస్తూనే తిన్నాను. రొయ్యలు ఎలా ఉన్నాయో గుర్తుపెట్టుకోవాలని ఒక్కొక్కటీ నమిలి తిన్నాను.

చివరి రోజు పొద్దున ఆ అరుగు చూపించమన్నాను. వంటింటి వెనక, బొగ్గుమసి పట్టిన గోడ పక్కన, ఇద్దరు పట్టేంత నాపరాతి అరుగు. ఎదురుగా ఎత్తైన ప్రహరీ. అక్కడి నుంచి సముద్రం కనబడదు. చప్పుడు మాత్రమే వస్తుంది. అలలు కాళ్ల కిందికి వస్తాయన్నది కూడా ఆయన ఎవరినో అడిగి తెలుసుకున్నదే.

"నాకు ఇడ్లీ ఈడికే తెచ్చియ్యప్పా," అన్నాను. అతను వద్దనబోయి, వెళ్లి తెచ్చాడు. అరుగు మీద ఒక పక్కకు కూర్చుని తిన్నాను. పొద్దుటి ఎండ ఇంకా గోడ దాటలేదు. అయినా నా ఎడమపక్క రాయి వెచ్చగా ఉంది, ఎవరో అప్పుడే లేచిపోయినట్టు. లోపల పొయ్యి ఉందేమో, గోడ వేడి రాతికి దిగుతుందేమో. నేను అడగలేదు. మూడు రోజుల్లో మొదటిసారి భయం వేయలేదు. "నేను అట్ల అనింది తప్పే," అని మెల్లగా అన్నాను. వంటింట్లో గిన్నెల చప్పుడు, గోడ అవతల అల.

గుడ్డ నాకు వద్దని మేనేజరుకు చెప్పాను. దించినా పారేయొద్దని, ఉప్పుగాలి తగలని గదిలో ఎక్కడైనా వేలాడదీయమని అడిగాను. సరేనన్నాడు. చేశాడో లేదో నాకు తెలియదు.

ఇంటికొచ్చాక మా పాప బిడ్డను ఒళ్లో పెట్టుకుని అంతా విన్నది. విని, "అయితే నాయన ఇన్నేండ్లు నీకు అబద్ధం చెప్పినాడా?" అంది.

"తిన్నానని ఎప్పుడూ అన్లేదు పాపా," అన్నాను. "ఎట్ల ఉంటాదో చెప్పినాడు, అంతే. తిన్నాడని నేనే అనుకున్యా."

అది బిడ్డను ఒళ్లో సర్దుకుని, రొయ్యలు కొబ్బరిపాలల్లో ఎలా చేస్తారో చెప్పమంది. చెప్పడం మొదలుపెట్టాను. సగంలో నా గొంతు ఆయన గొంతులా వినబడి ఆగిపోయాను. బిడ్డ నా మొహంలోకి చూస్తున్నాడు. మా పాప కూడా.

"చెప్పుమ్మా," అంది.