దేవదారు కిటికీలు

నిన్న తాడేపల్లిగూడెంలో కలప అడితికి వెళ్ళాను. రంపం కింద దేవదారు దుంగ చీలుతుంటే కాస్త తీపి, కాస్త ఘాటు కలిసిన నూనె వాసన గుప్పుమంది. కాశీం మేస్త్రి గారు గుర్తొచ్చారు. ఏలూరులో ఒక కాంట్రాక్టరు దగ్గర నేను ఇంజనీరుగా చేరిన కొత్తలో ఆయన అక్కడ వడ్రంగి మేస్త్రి.

నా మొదటి పని కలిదిండి దగ్గర, చేపల చెరువుల పక్కన ఒక రైతు ఇల్లు. తలుపులకీ కిటికీలకీ దేవదారు వాడదామన్నాను. "మెత్త చెక్క కదండీ, ఈ చెమ్మగాలికి నిలుస్తుందంటారా?" అని రైతు సందేహించాడు. కాశీం గారు ఒక ముక్కను చిత్రిక పట్టి ఆయన చేతిలో పెట్టారు. "నిలుస్తుందండీ. చేవ ఉన్న ముక్కలే ఏరి తెస్తాను. దీని నూనే దీనికి కాపలా. చెద పట్టదు, చెమ్మకు తొందరగా పుచ్చదు. దూలాలకు మాత్రం వద్దండీ, ముడి ఉన్నచోట విరుగుతుంది." నేను పుస్తకాల్లో చదివినదంతా ఆయన వేళ్ళకు తెలుసు.

చెక్క వచ్చింది కానీ పూర్తిగా ఆరలేదు. "ఇంకో రెండు నెలలు ఆగుదామండీ. లోపలి నూనె రంగును నిలవనివ్వదు," అన్నారాయన. గృహప్రవేశం దగ్గరపడుతోంది. "రంగు వేయించేయండి మేస్త్రి గారూ, నేను చూసుకుంటాను," అన్నాను విసుగ్గా. ఆయన వెళ్ళి రంగు డబ్బాలు తెప్పించారు.

గృహప్రవేశం నాటికి ఎండ తగిలిన కిటికీలన్నీ పొక్కులెక్కాయి. రంగులోంచి బంక కారి ఇంటి కోడలి పట్టుచీరకు అంటుకుంది. కాంట్రాక్టరు గారు బంధువులందరి ముందూ కాశీం గారి మీద విరుచుకుపడ్డారు. "ఇన్నేళ్ళ పనివాడివి, ఆమాత్రం తెలియదా? రేపట్నుంచి రానక్కర్లేదు!" ఆయన తల వంచుకుని నిలబడ్డారు. రెండడుగుల దూరంలోనే ఉన్నాను. నా నోరు పెగల్లేదు.

తిరుగు బస్సులో అడిగాను: "నా పేరెందుకు చెప్పలేదండీ?"

"మీకిది మొదటి ఉద్యోగం కదమ్మా. నాకు పని ఇంకెక్కడైనా దొరుకుతుంది." బస్సు టిక్కెట్లు జేబులో పెట్టుకుని, "మధ్యాహ్నం ఏమన్నా తిన్నారా?" అన్నారు. తిట్టినా అంత బాధపడేదాన్ని కాదు.

మర్నాడు పొద్దున్నే కాంట్రాక్టరు గారి ముందు నిలబడ్డాను. "రంగు వేయించింది నేనండీ. ఆయన వద్దన్నారు."

"అన్ని మాటలూ అన్నాక ఇప్పుడా చెప్పేది?" అని కాశీం గారికి ఆయనే కబురు పెట్టారు. వచ్చాక క్షమించమనలేదు, కుర్చీ మాత్రం వేయించారు. కిటికీలు బాగుచేయించే పని నాకే అప్పగించారు. కాశీం గారు మెచ్చుకోనూ లేదు, దెప్పనూ లేదు. నా చేతికి గీకుడు రేకు ఇచ్చి, "కింద వరుస మీరు గీకండి, పైది నేను చూసుకుంటాను," అన్నారు. వారం రోజులు గీకాం. చెక్కను వేసవంతా ఆరనిచ్చి, అవిసె నూనె మాత్రమే పట్టించాం.

ఆయన పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు నా కింద ఇంజనీర్లున్నారు. పోయిన నెల భీమడోలులో కొత్త గోడ బీటలిస్తే, ఇంటాయన తాపీ మేస్త్రి మీద కేకలేస్తున్నాడు. మధ్యలోకి వెళ్ళి, "తొందరపెట్టింది నేనండీ," అన్నాను. అలా చెప్పడం ఇప్పటికీ తేలిక కాదు. మాట మాత్రం ఆగదు.