రెండు వేళ్ల సందు

మామిడి తోటల్లో పనిచేసే మగాళ్లకు వేసవిలో ఒంటి మీద చొక్కా ఉండదు. నాకు మాత్రం బనీను, దాని మీద చొక్కా, ఆపైన భుజాల మీదుగా ముందుకు వేసుకున్న తువ్వాలు. నా ఛాతీ మగవాడి ఛాతీలా ఉండేది కాదు. రెండు వైపులా పెరిగిపోయి ఉండేది. ఈ రెండు ముక్కలు రాయడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది.

మా చర్చిలో బాప్తిస్మం అంటే తెల్లబట్టలతో నీళ్లలో నిండా ముంచి లేపుతారు. తడిసిన తెల్లచొక్కా ఒంటికి అతుక్కుంటే అందరికీ ఏం కనపడుతుందో నాకు తెలుసు. పాస్టరుగారు అడిగినప్పుడల్లా "ఇంకా సిద్ధపడలేదండీ" అనేవాణ్ని. ఆయన నా ఆత్మ సంగతి అనుకుని, పాపం, నా కోసం ప్రార్థన చేసేవారు. అలా ఇరవై రెండేళ్లొచ్చాయి.

ఎనభైల మధ్యలో ఒక వేసవి మొదట్లో బెజవాడ వెళ్లి ఆపరేషన్ చేయించుకున్నాను. ఊళ్లో మాత్రం గడ్డ తీశారని చెప్పాం. ఆరు వారాల పాటు ఛాతీని అదిమి కట్టి ఉంచాలనీ, లేకపోతే తీసేసిన చోట నీరు చేరుతుందనీ డాక్టరుగారు చెప్పి, ఒక ఎలాస్టిక్ బ్యాండేజీ చుట్ట చేతిలో పెట్టారు.

అమ్మా నాన్నా ఇద్దరూ నూజివీడు తోటల్లో కాయలు ప్యాకింగ్ చేసేవారు. గంపలో గడ్డి పరిచి కాయ పేర్చేది అమ్మ. తాడు బిగించేది నాన్న. గంపకు కాలు తన్ని పెట్టి ఆయన తాడు లాగితే అది కలకత్తా దాకా వెళ్లినా సడలదని పేరు. ఆ చేతులతోనే నాకు బ్యాండేజీ చుట్టాడు.

"కదిలితే కాయ చెడుద్ది. ఊపిరి బిగబట్టరా" అనేవాడు.

బిగబట్టేవాణ్ని. తప్పు ఆయనొక్కడిదే కాదు. ఎంత బిగిస్తే అంత చదునవుతుందని నా ఆశ. ఆయన ఆపినా నేనే "ఇంకాస్త లాగు నాన్నా" అనేవాణ్ని. ఆ ఎండకి, ఆ చెమటకి బ్యాండేజీ మెలిపడి తాడులా తయారై చంకల కిందికి పాకేది. పదో రోజు స్నానానికి కట్టు విప్పితే ఎడమవైపు ఉబ్బి ఉంది. వేలితో నొక్కితే లోపల నీళ్లు కదిలాయి.

మర్నాడు డాక్టరుగారు సూదితో ఆ నీరు లాగేశారు. నాన్న కట్టిన కట్టు చూసి ఆయనకు కోపం వచ్చింది.

"ఇంకోసారి ఇలా చేరిందంటే మళ్లీ కోయాల్సి ఉంటుంది బాబూ. కట్టాల్సింది తాడు కాదు, తొడుగు. అంతటా ఒకేలా అదమాలి, ఊపిరీ ఆడాలి" అన్నారు.

"ఎక్కడ దొరుకుద్దండీ?"

"మగాళ్లకంటూ ఎక్కడా చూళ్లేదు. ఏదో ఒకటి వెతుక్కోండి."

వెతుక్కుంటూ బజారులో ఆడవాళ్ల లోదుస్తుల దుకాణం దాకా వచ్చాం. నాన్న సోడా బండి దగ్గరే ఆగిపోయాడు, ఆయనకు అంత దాహం వేయడం నేనెప్పుడూ చూడలేదు. నేనొక్కణ్నే లోపలికి వెళ్లాను. అదిమి పట్టేది కావాలంటే, కాన్పయిన ఆడవాళ్లు పొట్టకు కట్టుకునే బెల్టు తీశాడు కొట్టాయన.

"మేడంగారి కొలతెంతండీ?"

నా ఛాతీ కొలత చెప్పాను.

"కాన్పయి ఎన్నాళ్లయింది?"

"పదకొండు రోజులండీ." నా ఆపరేషన్ జరిగి అన్నాళ్లయింది.

"బాబా, పాపా?"

"బాబేనండీ" అన్నాను. చెవులు కాలిపోయాయి.

ఆ బెల్టులో నిలువునా గట్టి పుల్లలున్నాయి. నిలబడితే పక్కటెముకల్లో గుచ్చుకునేవి, కూర్చుంటే బెల్టు మొత్తం గొంతు మీదికి ఎగదన్నేది. రెండు గంటలకు మించి భరించలేక విప్పి పారేశాను. విప్పితే నీరు చేరుతుందని భయం, కట్టుకుంటే ఊపిరాడదు. అద్దం ముందు నిలబడి ఎడమవైపు నొక్కి చూసుకోవడమే పనైపోయింది.

అప్పుడు అమ్మ తను జాకెట్టు లోపల తొడుక్కునే పాత బాడీ ఒకటి పట్టుకొచ్చింది. అది చూడగానే నాకు ఒళ్లు మండిపోయింది.

"అది తొడుక్కునేవాణ్నయితే కోయించుకోవడం దేనికమ్మా?" అని అరిచి, లాక్కుని గోడకేసి కొట్టాను.

అమ్మ వంగి తీసుకుంది. "నిన్ను తొడుక్కోమన్నానా? దీని హుక్కులు పీకి కుడదామని తెచ్చా" అంది. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

నాకంటే రెండు సైజులు చిన్నవి మందపాటి బనీన్లు రెండు తెప్పించి ఒకదాని లోపల ఒకటి పెట్టింది. కొలవాలి, చొక్కా విప్పమంది. ఊహ తెలిశాక అమ్మ ముందు విప్పింది అదే మొదలు. గంపలు కుట్టే పురికొసతో కొలిచింది. కుట్ల వంక ఒకసారి చూసింది. "చెయ్యెత్తు" అంది, అంతే.

ముందువైపు నిలువునా కోసి, రెండు వరసల హుక్కులు పెట్టింది. వాపు తగ్గేకొద్దీ రెండో వరసకు మార్చుకోవచ్చు. కుట్టుమడతలన్నీ పైవైపుకే ఉంచింది, చర్మానికి ఒరుసుకోకుండా. తొడిగి, చంక కింద ఒకసారి, మధ్యలో ఒకసారి, వీపు దగ్గర ఒకసారి తన రెండు వేళ్లు దూర్చి చూసింది. గంప నిండాక గడ్డికీ కాయకీ మధ్య సరిగ్గా అలాగే చూసేది.

"మీ నాన్నది తాడు లెక్క. కాయను కాపాడేది గడ్డిరా. రెండు వేళ్లు దూరాల, పిడికిలి దూరకూడదు. పీల్చు."

పీల్చాను. కూర్చోమంది, వంగమంది, పైకొమ్మ అందుకున్నట్టు చెయ్యి చాపమంది. ఎడమ చంక కింద కోసుకుంటోందన్నాను. విప్పి, కాస్త కత్తిరించి, మళ్లీ కుట్టింది. నాలుగోసారికి నేనేమీ అనలేదు. ఒంటి మీద ఉన్న సంగతి కాసేపు మర్చిపోయాను కూడా.

అయినా బుద్ధి ఊరుకుంటుందా? వారం తిరక్కుండానే దొంగచాటుగా రెండో వరసకు బిగించాను. పొద్దున్నే అమ్మ వేళ్లు దూరలేదు. చేతి మీద ఒక్కటి వేసి, "మళ్లీ కోయించుకుంటావా?" అంది. గబగబా హుక్కులు విప్పి ఎడమవైపు నొక్కి నొక్కి చూసింది. నాకంటే ఆమే ఎక్కువ భయపడుతోందని నాకు అప్పుడు తెలిసింది. మళ్లీ ఆ హుక్కుల జోలికి పోలేదు.

ఆరో వారం డాక్టరుగారు రెండు వైపులా నొక్కి చూశారు. "నీరు లేదు. ఇక తీసెయ్యొచ్చు" అన్నారు.

తోటలన్నీ ఖాళీ అయ్యాక పాస్టరుగారి దగ్గరికి నేనే వెళ్లాను, సిద్ధపడ్డానండీ అని. మోటారు షెడ్డు పక్కన సిమెంటు తొట్టిలో బాప్తిస్మం. ఆయన నన్ను ముంచి లేపారు. తెల్లచొక్కా ఒంటికి అతుక్కుంది. కళ్లలో నీళ్లయినా తుడుచుకోకముందే నా రెండు చేతులూ వాటంతటవే ఛాతీ మీద అడ్డంగా వచ్చాయి. అందరూ ప్రార్థన చేసుకుంటున్నానే అనుకున్నారు.

తొట్టి పక్కన తువ్వాలు పట్టుకుని నిలబడ్డ అమ్మ ఒక్కతే అనుకోలేదు.

"చేతులు దించు నాన్నా" అంది.

దించాను.