ఫోనులో చెప్పిన యాభై

మా ప్రెస్సులో ప్రూఫులు దిద్దే పెద్దాయన్ని అందరం 'నూటికెంత' అని పిలిచేవాళ్ళం. ఎదుట కాదు లెండి, వెనకాల. ఎదుట మాత్రం "గురువుగారూ" అనేవాళ్ళం. వాన పడుతుందా అని అడిగితే పడుతుందనో పడదనో చెప్పేవాడు కాదు, "నూటికి నలభై" అనేవాడు. కాగితం లోడు సాయంత్రానికి వస్తుందా అంటే "ముప్పై" అనేవాడు. గోడ మీద పిల్లిలా ఈ మాటలేమిటని మొదట్లో నాకు ఒళ్ళు మండేది. పైగా నేను టైపు చేసిన పేజీలే ఆయన దిద్దాలి. నా తప్పు కింద ఎర్ర గీత, ఆ గీత పక్కన పెన్సిలుతో చిన్న అంకె. తొంభై ఐదు అని ఉంటే మారు మాట్లాడకుండా మార్చెయ్యాలి. అరవై అని ఉంటే రచయితను అడిగి మార్చాలి. పదేళ్ళు ఆయన పక్క టేబులు దగ్గర కూర్చున్నదాన్ని కాబట్టి చెబుతున్నాను, ఆ అంకెలు ఊరికే వేసేవాడు కాదు.

నేను చేరకముందు ఆయన కూడా అందరిలాంటి ప్రూఫు రీడరేనట. ఒకసారి పిల్లల జనరల్ నాలెడ్జి పుస్తకం అచ్చుకొచ్చింది. అన్నిటికంటే వేడిగా ఉండే గ్రహం శుక్రుడు అని అందులో ఉంది. సూర్యుడికి దగ్గరగా ఉండేది బుధుడు కదా, పాపం రచయిత పప్పులో కాలేశాడనుకుని బుధుడు అని దిద్దేశాడు. ఎవర్నీ అడగలేదు. నిజానికి రచయిత రాసిందే రైటు. పదివేల కాపీలు బళ్ళకు వెళ్ళాక సంగతి బయటపడింది. వెనక్కి వచ్చిన కాపీలన్నిటిలో సరైన ముక్క అచ్చువేసిన చీటీలు ఆయనే కూర్చుని ఒక్కొక్కటీ అతికించాడు. ఆ నెలంతా ఇంట్లో ఎవరితోనూ మాట్లాడలేదనీ, కంచం ముందు కూర్చుని తినకుండానే లేచిపోయేవాడనీ ఆయన చెల్లెలు నాకు చెప్పింది. భర్త పోయాక ఆమె, కూతురు ఆయన ఇంట్లోనే ఉంటున్నారు. ఆయన పెళ్ళి చేసుకోలేదు.

ఈ అంకెల పిచ్చి అప్పట్నుంచే మొదలైంది. దిద్దిన ప్రతిదాని పక్కనా తనకెంత నమ్మకమో వేసుకోవడం, తర్వాత నాలుగు పుస్తకాలు తిరగేసి అది రైటో కాదో నోటు పుస్తకంలో రాసుకోవడం. ఏళ్ళ తరబడి రాశాడు. డెబ్భై అని వేసినవి వంద తీస్తే అరవై తొమ్మిదో డెబ్భై ఒకటో రైటయ్యేవి. "ఎంత తెలుసన్నది కాదమ్మా, ఎంతవరకు తెలుసో మనకి తెలియాలి" అనేవాడు. ఈ నీతులు నాకు పెద్దగా ఎక్కలేదు గానీ, ఆయన తొంభై వేసిన చోట వాదనకు దిగడం మాత్రం మానేశాను.

మేనకోడలు కళ్ళద్దాల షాపులో పనిచేసేది. ఫ్రేముకు సరిపడేలా అద్దాలు కోసి, అంచులు అరగదీసే పని. చెయ్యి చురుకు, నోరు అంతకంటే చురుకు. సొంతంగా ఆ మిషను ఒకటి కొనుక్కుని చిన్న షాపు పెట్టుకోవాలని ఆ పిల్లకు ఆరేళ్ళుగా కోరిక. దాని ధర వింటేనే కళ్ళు తిరిగేవి. అలాంటి సమయంలో టీవీ క్విజ్ పోటీకి ఎంపికైందని కబురొచ్చింది.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారని మామా మేనకోడలూ సాధన మొదలుపెట్టారు. రోజూ ఆ కార్యక్రమం వస్తున్నప్పుడు, నాలుగు జవాబులూ తెర మీద పడగానే ఇద్దరూ చెరో కాగితం మీద జవాబూ, నూటికెంతో రాయాలి. మూణ్ణెల్లు చేశారు. ఆ పిల్ల తొంభై అని రాసినవాటిలో పదికి ఆరే రైటని తేలింది.

"నీది సగం తెలివి, సగం పొగరు" అన్నాడాయన.

"పొగరు అమ్మ వైపు నుంచి వచ్చింది మామయ్యా. అంటే నీ వైపే" అంది.

అందుకని ఒక ఒప్పందానికి వచ్చారు. ఆ పోటీలో తెలిసినవాళ్ళకు ఒకసారి ఫోను చేసి అడగొచ్చు, ముప్పై సెకన్లు. దాన్ని చివరిదాకా దాచుకోవాలి. ఫోనులో ఆయన జవాబుతో పాటు అంకె కూడా చెప్పాలి. ఆ పిల్ల తన నమ్మకాన్ని పక్కనపెట్టి ఆయన అంకె ప్రకారమే నడుచుకోవాలి. ఎంతుంటే ఆడాలో ఆయన నాకు కాగితం మీద గీసి చూపించాడు. మిషను ధర పది వంతులనుకో. తొమ్మిదో మెట్టు దగ్గర ఆగితే ఆరు వంతులు చేతికొస్తాయి. పదో మెట్టు గెలిస్తే పదీ వస్తాయి. తప్పు చెబితే ఒకటే మిగులుతుంది. గెలిస్తే కలిసేవి నాలుగు, ఓడితే పోయేవి ఐదు. కాబట్టి తొమ్మిదిసార్లు చెబితే ఐదుసార్లైనా రైటవుతుందన్న నమ్మకముండాలి. నూటికి యాభై ఆరు.

"జాగ్రత్తకి ఇంకో నాలుగు కలుపుకో. అరవై ఉంటే ముందుకి, లేకపోతే దిగిపోవడమే" అన్నాడు.

ఆరు వంతుల డబ్బుకు మిషను ఎవరూ ఇవ్వరు. మిగతా నాలుగూ కూడబెట్టాలంటే ఏళ్ళు పడుతుంది. అందుకే ఆ పదో మెట్టు మీదే ఆ పిల్ల ఆశంతా.

షూటింగు రోజు మధ్యాహ్నం ఫోను రావచ్చని చెప్పారు. మా ఓనరు మంచి మనసుతో అచ్చు యంత్రాలన్నీ ఆపించాడు. నేనూ, బైండింగువాళ్ళూ ఆయన టేబులు చుట్టూ చేరాం. ఫోను మోగింది. స్పీకరు నేనే నొక్కాను.

"మామయ్యా, పదో మెట్టు. తేనెటీగకి ఎన్ని కళ్ళు? రెండు, నాలుగు..."

"ఐదు" అన్నాడాయన.

"... ఐదు, ఎనిమిది. ఐదు ఉంది మామయ్యా. నూటికెంత?"

నాకు గుండె ఆగినంత పనైంది, సంతోషంతో. మూడేళ్ళ క్రితం సైన్సు పుస్తకంలో ఆ పాఠం టైపు చేసింది నేనే, దిద్దింది ఆయనే. పక్కల రెండు పెద్ద కళ్ళు, నెత్తి మీద మూడు చిన్నవి. ఆయన నోరు తెరిచాడు, మళ్ళీ మూశాడు.

"మామయ్యా, టైము అయిపోతోంది!"

"యాభై" అన్నాడు.

ఫోను కట్టయింది.

"యాభయ్యేంటండీ గురువుగారూ!" అని అరిచాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. "ఆ పేజీ మనిద్దరమే కదా చేశాం!" యంత్రాలు మళ్ళీ మొదలయ్యాయి. సాయంత్రం దాకా ఆయన ఒకే ప్రూఫు ముందు పెట్టుకుని కూర్చున్నాడు, ఒక్క గీతా గీయలేదు.

మర్నాడు ఆ పిల్ల బిస్కెట్ల పొట్లంతో నేరుగా ప్రెస్సుకే వచ్చింది. తొమ్మిదో మెట్టు దగ్గరే దిగిపోయిందట. దిగాక వాళ్ళు జవాబు చెప్పారు, ఐదే. నవ్వుతూనే చెప్పింది గానీ మాకెవరికీ నవ్వు రాలేదు.

ఆయన లేచి నిలబడ్డాడు. "నిన్న నీకు అబద్ధం చెప్పానమ్మా. నాకు ఎనభై ఐదుంది. తప్పయితే నీ చేతిలోది కూడా నా నోటి మూలంగా పోతుందని భయమేసింది. నీ మిషను నేనే పోగొట్టాను."

"తెలుసు మామయ్యా."

"ఏం తెలుసు?"

"నాలుగూ చదవకముందే ఐదనేశావు. యాభై ఉన్నప్పుడు నువ్వలా అంటావా? మూణ్ణెల్లు పక్కనే కూర్చున్నాను. ఎనభై పైమాటేనని అక్కడే తెలిసిపోయింది."

"తెలిసీ ఎందుకు దిగావు?" ఆయన గొంతు పెరిగింది. పదేళ్ళలో నేనెప్పుడూ వినని గొంతు. "అరవై దాటితే ఆడాలి! అనుకున్నాం కదా!"

"ఆడి తప్పయితే? నాకైతే మిషను పోతుంది, అంతే. నీకు? చిన్నప్పుడు చూశాను, కంచం ముందు కూర్చుని లేచిపోయేవాడివి. మళ్ళీ అది చూడటం నా వల్ల కాదు."

"నా గురించి లెక్కలెయ్యమని నిన్నెవరడిగారు?"

"నా గురించి నిన్నెవరడిగారు మామయ్యా?"

ఆయన కుర్చీలో కూలబడ్డాడు. మొహం చేతుల్లో పెట్టుకుని ఏడ్చాడు. "ఊరుకో, అందరూ చూస్తున్నారు" అంటూ ఆ పిల్ల ఆయన వీపు నిమిరింది, తనూ ఏడ్చింది. బైండింగువాళ్ళు మెల్లగా జారుకున్నారు. నేను కదల్లేదు, నా టేబులు అక్కడే మరి.

ఆ తర్వాత మూడేళ్ళు ఆ పిల్ల ఒకరి షాపులో, ఒకరి మిషను మీదే అద్దాలు కోసింది. మూడేళ్ళంటే మాటలు కాదు. వాళ్ళిద్దరి మీదా నాకు ఇప్పటికీ కోపమే. మూణ్ణెల్లు కష్టపడి నేర్చుకున్నదాన్ని ముప్పై సెకన్లలో గాలికొదిలేశారు. కానీ నిజం చెప్పొద్దూ, ఆ పూట నేను నా కుర్చీలో కూర్చుని బిస్కెట్టు నములుతుంటే అసూయ కూడా కలిగింది. నా కోసం అలా లెక్క తప్పే మనిషి మా ఇంట్లో ఎవరున్నారా అని ఆలోచించాను. చాలాసేపే ఆలోచించాను. ఎవరూ గుర్తుకు రాలేదు.