నరసాపురం పెళ్ళికార్డు బొమ్మ

లాక్‌డౌన్‌లు పూర్తిగా ఎత్తేసిన మరుసటి ఏడాది, జనవరి చివరి వారంలో నరసాపురం నుంచి నాకొక పెళ్ళికార్డు పని వచ్చింది. వాళ్ళది లూథరన్ కుటుంబం. ఈస్టరుకి ముందు నలభై రోజులు ఉపవాసాలుండే లెంటు కాలంలో వాళ్ళ చర్చిలో పెళ్ళిళ్ళు చెయ్యరు కాబట్టి ఆలోపే ముహూర్తం పెట్టుకున్నారు. బొమ్మ గీసి అచ్చుకివ్వడానికి నాకు మిగిలింది పది రోజులు. అప్పటికి నేను రాజమండ్రిలో ముప్ఫై ఏళ్ళుగా ఏ ఆఫీసుకీ చెందకుండా బొమ్మలు గీసుకుని బతుకుతున్నాను. మొదట్లో పత్రికలకు జోకుల బొమ్మలు, తర్వాత ఫంక్షన్ హాళ్ళలో అతిథుల్ని ఎదురుగా కూర్చోబెట్టి ఐదు నిమిషాల్లో గీసిచ్చే బొమ్మలు, చివరికి పెళ్ళికార్డుల మీద వధూవరుల క్యారికేచర్లు. ఈ పనికి పై అధికారి ఉండడు, రిటైర్మెంటు సన్మానమూ ఉండదు. చెయ్యి వణికిన రోజున మనమే మానుకోవాలి. ఈ పెళ్ళి తర్వాత కొంతకాలానికి నేనూ అలాగే మానుకున్నాను.

పని పద్ధతి ఇది. ముందు మనిషివి మూడు ఫొటోలు తెప్పించుకుంటాను: ఎదురుగా ఒకటి, పక్కనుంచి ఒకటి, నవ్వుతున్నది ఒకటి. వాటిలో 'పట్టు' వెతుకుతాను. పట్టు అంటే నా సొంత మాట. ఆ మొహాన్ని మిగతా మొహాల నుంచి విడదీసేది ఏదో ఒకటి ఉంటుంది, ముక్కో, చెవులో, నవ్వినప్పుడు మూసుకుపోయే కళ్ళో. దాన్ని పెంచి మిగతావి తగ్గిస్తే మనిషి దొరుకుతాడు. తర్వాత పెన్సిల్ రఫ్ పంపి, ఇంటివాళ్ళు ఒప్పుకున్నాక రంగులు వేసి ప్రెస్సుకి ఫైలు ఇస్తాను.

పని అప్పగించింది పెళ్ళికూతురి తండ్రి ఆశీర్వాదం గారు, రిటైరైన హెడ్మాస్టరు. ఫోనులో ఎంత మర్యాదగా మాట్లాడారో! ప్రతి ముక్కకీ ఒక 'అండి'. పెళ్ళికొడుకు మండపేటలో రైస్ మిల్లు సూపర్‌వైజరు. అతనికి దేవుడు రెండు చేటల్లాంటి చెవులిచ్చాడు, పది నిమిషాల్లో దొరికిపోయాడు. చిక్కంతా పెళ్ళికూతురితోనే వచ్చింది. పేరు ఎస్తేరు, స్కూల్లో లెక్కల టీచరు. మూడు ఫొటోల్లోనూ మొహం అద్దంలా నున్నగా ఉంది. ఎక్కడా పట్టు దొరకలేదు. నాలుగు రఫ్‌లు గీశాను, నలుగురు వేరే అమ్మాయిలు వచ్చారు. ముప్ఫై ఏళ్ళ అనుభవం ఏమైపోయిందా అని నామీద నాకే అనుమానం వేసింది.

ఉన్నంతలో నయమైనది ఆశీర్వాదం గారి నంబరుకి పంపాను. పొద్దున్నే జవాబొచ్చింది: "చాలా బాగుందండి. రంగులు వేసేయండి." పది గంటలకి అదే నంబరు నుంచి: "మచ్చ వెయ్యలేదేంటండి? ఎడమ కంటి కింద నుంచి దవడ దాకా ఉంటుంది." ఫొటోలు ఎంత పెద్దవి చేసి చూసినా మచ్చ అన్నది లేదు. ఏ మచ్చండీ అని అడిగాను. మధ్యాహ్నం జవాబు: "మచ్చేమీ లేదండి. పొరపాటున వచ్చింది, పట్టించుకోకండి." సాయంత్రం మళ్ళీ: "మచ్చ లేకుండా మాత్రం ప్రింటుకి ఇవ్వకండి."

నా బుర్ర తిరిగిపోయింది. పెద్దాయనకి పెళ్ళి హడావిడిలో మతి గానీ తప్పిందా? ఫోన్ చేస్తే ఎంతో నిదానంగా, "అలాగేనండి, మీరెలా అంటే అలాగేనండి" అన్నారు. నేనేమన్నాను? నేనేమీ అనందే! రెండు రోజులు ఇదే తంతు. వెయ్యండి, వద్దండి, తప్పకుండా వెయ్యండి, అస్సలు వద్దండి. మూడో రోజు విసుగెత్తి నరసాపురం రైలెక్కాను.

తలుపు తీసింది ఎస్తేరే. ఎడమ కంటి కింద నుంచి దవడ దాకా తెల్లటి బొల్లి మచ్చ. ఫొటోల్లో దాన్ని స్టూడియోవాళ్ళు తుడిచేశారు. నాకు నాలుగు రఫ్‌లూ ఎందుకు తప్పాయో ఆ గుమ్మంలోనే తెలిసింది. కాఫీ తాగుతుండగా రెండో సంగతీ తెలిసింది. వద్దన్న మెసేజీలు తండ్రివి, వెయ్యమన్నవి కూతురివి. ఆయన స్నానానికో బజారుకో వెళ్ళినప్పుడు ఆయన ఫోను తీసుకుని ఆవిడ పెడుతోంది.

మీ ఫోన్ నుంచి పెట్టొచ్చు కదమ్మా, నన్నెందుకిలా తికమక పెట్టారు అన్నాను, కొంచెం కోపంగానే. అందులోంచి పెడితే నాన్నగారికి తెలియకుండా చేసినట్టవుతుందండి, ఇందులో పెడితే ఆయన చూస్తారు కదా అంది. ఆయన చూస్తూనే ఉన్నారు. చూసి, ఆమెతో ఒక్క మాటా అనకుండా, నాకు జవాబు పెడుతున్నారు. ఒకే కప్పు కింద ఉండి ఎదురెదురుగా అనుకోలేని మాటల్ని ఇద్దరూ రాజమండ్రిలో ఉన్న నాతో అంటున్నారన్నమాట!

ఆశీర్వాదం గారు తన మాట చెప్పుకున్నారు. అబ్బాయి చూశాడు, వాళ్ళింట్లో అందరూ చూశారు, ఎవరికీ పట్టింపు లేదు. కానీ కార్డు ఊరూరా వెళ్తుంది. ఎవరో ఒకరు వేలు పెట్టి చూపిస్తారు. అది ఆయన తట్టుకోలేరు.

ఎస్తేరు తండ్రిని చూడకుండా నాతోనే అంది. "చర్చిలో మూడు ఆదివారాలు మా పేర్లు చదివారండి, అభ్యంతరం ఉంటే చెప్పమని. ఊరంతా విన్నారు, ఎవరూ చెప్పలేదు. మా నాన్నగారొక్కరే చెబుతున్నారు. ఫొటోలో తీసేశారు, సర్లెండి అనుకున్నాను. బొమ్మలో కూడా తీసేస్తే పెళ్ళికొడుకు పక్కన నిలబడింది ఎవరండీ?"

ఆశీర్వాదం గారు కాఫీ గ్లాసు తీసుకుని లోపలికి వెళ్ళిపోయారు. నేనేం చెయ్యాలి? "చూద్దాంలెండి" అన్నాను. అటు ఆయనతోనూ అదే మాట అని బయటపడ్డాను. తిరుగు రైల్లో స్కెచ్ పుస్తకం తీసి మచ్చతో గీస్తే రెండు నిమిషాల్లో ఎస్తేరు వచ్చేసింది. కళ్ళూ, చిన్న గడ్డమూ, ఎదుటివాణ్ణి బోర్డు దగ్గరికి పిలిచే ఆ టీచరు చూపూ, అన్నీ మచ్చ చుట్టూ వాటంతటవే సర్దుకున్నాయి.

అయినా ప్రెస్సుకి ఇచ్చింది మచ్చ లేనిదే. పని అప్పగించినవాడి మాటే చివరి మాట అన్నది మా వృత్తిలో అలవాటు, నేను దాని చాటున దాక్కున్నాను. ఫైనల్ పంపిన అర నిమిషానికి ఆ నంబరు నుంచి నమస్కారం బొమ్మ వచ్చింది. తర్వాత రోజంతా చూశాను, రెండో మెసేజు రాలేదు. ఎస్తేరు ఒప్పుకుందా, అలిగిందా, ఫోను దొరకలేదా? ఏమీ తోచలేదు. కార్డులు అచ్చై వెళ్ళిపోయాయి.

వారానికి నాకూ ఒక కార్డు పోస్టులో వచ్చింది. తీసి చూస్తే పెళ్ళికూతురి ఎడమ చెంప మీద రంగు లేచిపోయి తెల్ల కాగితం కనిపిస్తోంది. అచ్చులో లోపమనుకుని ప్రెస్సు ఆయన్ని కేకలేశాను. పాపం, ఆయన దాచుకున్న కాపీ శుభ్రంగా ఉంది. మరి నా కార్డుకేమైంది? తేల్చుకుందామని పెళ్ళికి వెళ్ళాను. చర్చి బయట పందిట్లో ఎవరి చేతిలో కార్డు చూసినా అదే చోట తెల్లగా ఉంది, కానీ ఏ రెండూ ఒక్కలా లేవు. ఒకదాంట్లో సన్నగా, ఒకదాంట్లో వెడల్పుగా, కొన్నింట్లో కాగితం కాస్త చిరిగి కూడా ఉంది.

గుమ్మం దగ్గర ఆశీర్వాదం గారు అందరికీ నమస్కారాలు పెడుతున్నారు. కుడి బొటనవేలికి ప్లాస్టరు. కార్డు చూపించి ఏంటండీ ఇది అన్నాను. బ్లేడండి అన్నారు. కార్డులు ఇంటికొచ్చిన రోజు నుంచి అమ్మాయి ఒక్కతే కూర్చుని గీకుతోందట. ఈయన ఒక రోజంతా చూసీ చూడనట్టు తిరిగారట.

"రెండో రోజు నేనూ బ్లేడు పట్టుకుని కూర్చున్నానండి. ఎక్కణ్ణించి ఎక్కడి దాకా గీకాలో నాకు తెలీలేదు. కార్డు కార్డుకీ తలెత్తి దాని మొహం చూడాల్సి వచ్చింది. ఇన్నేళ్ళలో నేను దాని వంక అంతసేపు చూళ్ళేదండి."

నాకు చెడ్డ సిగ్గేసింది. ఒక గీతతో నేను చెయ్యాల్సిన పనిని వాళ్ళిద్దరూ వేళ్ళు కోసుకుని చేసుకున్నారు.

ఆ తర్వాత నా ఆర్డరు ఫారంలో ఒక వాక్యం చేర్చాను: పని ఎవరు అప్పగించినా, రఫ్‌ని ఒప్పుకోవాల్సింది బొమ్మలో ఉన్న మనిషే. కొందరు పెద్దవాళ్ళు ఇదేం పద్ధతండీ అని వేరే ఆర్టిస్టు దగ్గరికి వెళ్ళిపోయారు. నేను ఆ వాక్యం తీసెయ్యలేదు.